పదేళ్ల నిబంధన: అమెరికా ఎయిర్ కేడెట్ల వేసవి శిబిరాల కథ

జూన్ చివర్లోనో జూలై మొదట్లోనో ఒక మధ్యాహ్నం పూట. ఏదో ఒక ఎయిర్‌ఫోర్స్ స్థావరం గేటు ముందో, నేషనల్ గార్డు శిక్షణ కేంద్రం ముందో మినీవ్యానులు బారులు తీరి ఉంటాయి. వాటిలోంచి పన్నెండేళ్ల నుంచి పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు తమంత పొడుగున్న సంచులు మోసుకుంటూ దిగుతారు. మగపిల్లల జుట్టు కురచగా కత్తిరించి ఉంటుంది. ఆడపిల్లల జుట్టు బిగించి ముడి వేసి ఉంటుంది. బూట్లు కొత్తవి, ఇంకా కాళ్లకు అలవాటు పడలేదు. చొక్కా మీద ఎడమవైపు సంస్థ పేరు, కుడివైపు పిల్లవాడి ఇంటిపేరు కుట్టి ఉంటాయి. స్మిత్, గార్సియా, కిమ్ అనే పేర్ల మధ్య ఒక రెడ్డో, ఒక రావో కనిపించడం ఇప్పుడు వింతేమీ కాదు.

ఈ పిల్లలు సివిల్ ఎయిర్ పట్రోల్ కేడెట్లు. సంస్థ పేరును పొట్టిగా క్యాప్ అంటారు. వారం రోజుల పాటు జరిగే ఈ వేసవి శిబిరాన్ని వాళ్లు ఎన్‌క్యాంప్‌మెంట్ అంటారు. గేటు దగ్గర పిల్లవాణ్ణి దింపి వెనక్కి తిరిగిన తల్లిదండ్రులకు రకరకాల ఆలోచనలు వస్తాయి. తిండి ఎలా ఉంటుందో, ఫోను చేయనిస్తారో లేదో, ఇదంతా చివరికి సైన్యంలోకి దారి తీస్తుందేమో అని. అవన్నీ సహజమైనవే. కాని అక్కడ ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఎనభై ఏళ్ల కిందట ఈ కేడెట్ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు రాసుకున్న నిబంధన ప్రకారమైతే, మన పిల్లల్లో ఒక్కరికి కూడా ఆ గేటు తెరుచుకునేది కాదు. ఆ నిబంధన ఏమిటో, ఎందుకు పెట్టారో, అది లేని కాలానికి మనం ఎలా చేరామో చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేయరు సంతకం

1930లలో యూరప్‌లో యుద్ధ మేఘాలు కమ్ముకుంటున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుదిరిన వెర్సాయ్ సంధి ప్రకారం జర్మనీకి వైమానిక దళం ఉండకూడదు. మోటారు విమానాల మీద అన్ని ఆంక్షలు ఉండటంతో జర్మన్లు మోటారు లేని గ్లైడర్ల వైపు తిరిగారు. కొండల మీద నుంచి గాలివాలులో తేలే ఆ గ్లైడర్ల మీద వేలాదిమంది యువకులు ఎగరడం నేర్చుకున్నారు. హిట్లర్ అధికారంలోకి వచ్చాక నాజీల బాలల సంస్థ కూడా పిల్లలకు గ్లైడర్లు నేర్పింది. ఆటగా మొదలైనది చూస్తూ చూస్తూ ఉండగానే పైలట్ల పంటగా మారింది.

ఆ దశాబ్దంలో జర్మనీ వెళ్లి ఆ తయారీని కళ్లారా చూసినవారిలో గిల్ రాబ్ విల్సన్ ఒకరు. ఆయన చర్చిలో మతబోధకుడిగా పనిచేసినవాడు, మొదటి యుద్ధంలో విమానం నడిపినవాడు, న్యూజెర్సీ రాష్ట్ర విమానయాన శాఖకు అధిపతి. అమెరికాలో సొంత విమానాలున్నవాళ్లు, సరదాకి విమానం నడిపేవాళ్లు వేలమంది ఉన్నారు. యుద్ధం వస్తే భద్రత పేరుతో ఆ చిన్న విమానాలన్నిటినీ నేలమీద కట్టి పడేస్తారని ఆయన భయం. అలా కాకుండా వాటిని దేశానికి పనికొచ్చేలా వాడుకోవాలని ఆయన ఆలోచన. మరికొందరు కూడా వేరువేరు చోట్ల అదే దారిలో ఆలోచిస్తున్నారు.

1941 డిసెంబరు 1న సివిల్ ఎయిర్ పట్రోల్ ఏర్పడింది. ఆరు రోజుల తర్వాత పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగింది. ఏర్పాటు ఉత్తర్వు మీద సంతకం చేసినవాడు అప్పటి పౌర రక్షణ కార్యాలయం అధిపతి, న్యూయార్క్ మేయరు ఫియొరెల్లో లగ్వార్డియా. ఇప్పుడు న్యూయార్క్ విమానాశ్రయాల్లో ఒకదానికి ఉన్నది ఆయన పేరే.

ఈ లగ్వార్డియా ఎవరు? తండ్రి ఇటలీ నుంచి వచ్చినవాడు. తల్లి ట్రియెస్ట్ నుంచి వచ్చిన యూదు స్త్రీ. ఇద్దరూ వలస వచ్చినవారే. రాజకీయాల్లోకి రాకముందు ఆయన ఎల్లిస్ ద్వీపంలో దుబాసీగా పనిచేశాడు. ఓడ దిగిన వలసదారులకూ అధికారులకూ మధ్య నిలబడి మాట అందించే ఉద్యోగం అది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున బాంబర్ విమానాల దళంలో పనిచేయడానికి ఇటలీ వెళ్లినప్పుడు, ఆయన శిక్షణ జరిగింది తన తండ్రి పుట్టిన ఫొజ్జా ప్రాంతంలోనే. తండ్రి వదిలి వచ్చిన నేల మీద కొడుకు విమాన శిక్షణ పొందాడు. క్యాప్ పుట్టుక పత్రం మీద ఉన్నది అలాంటి మనిషి సంతకం.

సముద్రం మీద చిన్న విమానాలు

1942 మొదటి నెలల్లో జర్మన్ జలాంతర్గాములు అమెరికా తూర్పు తీరానికి వచ్చేశాయి. రాత్రిపూట తీరంలోని నగరాల దీపాల వెలుగులో సరకు ఓడలు, చమురు ఓడలు నల్లని నీడల్లా కనిపించేవి. జలాంతర్గాములకు గురి చూసుకోవడం సులువైపోయింది. తీరమంతా కాపలా కాసేందుకు నౌకాదళానికి సరిపడా విమానాలు లేవు. అప్పుడు క్యాప్ పైలట్లు తమ సొంత చిన్న విమానాలతో ముందుకొచ్చారు. మొదట వాటిలో ఆయుధాలే లేవు. కాని పైన విమానం చప్పుడు వినిపిస్తే చాలు, జలాంతర్గామి నీళ్లలోకి మునిగిపోవాల్సి వచ్చేది. మునిగిన జలాంతర్గామి వేగం తగ్గుతుంది, వేట కుంటుపడుతుంది. కొన్ని నెలల తర్వాత ఆ చిన్న విమానాలకు బాంబులు కూడా తగిలించారు.

1942 మార్చి నుంచి 1943 ఆగస్టు చివరి దాకా, సుమారు 18 నెలల్లో ఈ కాపలా విమానాలు 86,685 సార్లు సముద్రం మీదికి వెళ్లాయి. 173 జలాంతర్గాములను చూసినట్టు, 57 సార్లు దాడి చేసినట్టు క్యాప్ లెక్కల్లో ఉంది. రెండింటిని ముంచినట్టు అప్పట్లో చెప్పుకున్నారు. తర్వాతి పరిశోధకులు జర్మన్ దస్త్రాలతో పోల్చి చూస్తే ఆ మాటకు రుజువు దొరకలేదు. కాని నీళ్లలో కొట్టుకుపోతున్న 363 మందిని గుర్తించి కాపాడడానికి తోడ్పడిన మాట మాత్రం నిలిచింది. ఈ తీర కాపలాలో 26 మంది వైమానికులు ప్రాణాలు కోల్పోయారు. ఒకే ఇంజను ఉన్న విమానంలో తీరానికి మైళ్ల దూరం వెళ్లడమంటే, ఇంజను ఆగితే సముద్రమే గతి. అది తెలిసే వెళ్లారు వాళ్లు. 2014లో అమెరికా కాంగ్రెస్ ఆ తరానికి బంగారు పతకం ప్రకటించింది. అప్పటికి బతికి ఉన్నవారు కొద్దిమందే.

1942 అక్టోబరు

ఈ పెద్దల పక్కన నిలబడి నేర్చుకోవడానికి పిల్లలు కావాలనుకున్నారు. బ్రిటన్‌లో అప్పటికే 1941 ఫిబ్రవరిలో ఎయిర్ ట్రైనింగ్ కోర్ మొదలైంది. కెనడా కూడా అదే ఏడాది ఎయిర్ కేడెట్లను ఏర్పాటు చేసుకుంది. అమెరికాలో 1942 అక్టోబరు 1న క్యాప్ కేడెట్ కార్యక్రమం ప్రారంభమైంది.

పద్ధతి చాలా సరళంగా ఉండేది. ప్రతి పెద్ద సభ్యుడూ ఒక అబ్బాయికి పూచీ ఉండి చేర్పించవచ్చు. ప్రతి సభ్యురాలూ ఒక అమ్మాయిని చేర్పించవచ్చు. వయసు 15 నుంచి 17 ఏళ్ల లోపు ఉండాలి. హైస్కూలులో మొదటి రెండేళ్లు పూర్తిచేసి ఉండాలి. మార్కులు బాగుండాలి, ఆరోగ్యం బాగుండాలి. ఇంతవరకూ ఎవరూ తప్పుపట్టనక్కరలేదు.

ఇక చివరి షరతు. ఆ పిల్లవాడు అమెరికా గడ్డ మీద పుట్టిన పౌరుడై ఉండాలి. పైగా అతని తల్లిదండ్రులు కనీసం పదేళ్లుగా అమెరికా పౌరులై ఉండాలి.

ఒక్కసారిగా జనం వచ్చి మీద పడకుండా, పునాది గట్టిపడేదాకా సంఖ్యను అదుపులో ఉంచడానికే ఇంత కఠినంగా పెట్టామని సంస్థ చెప్పుకున్న కారణం. అయినా ఆరు నెలలు తిరిగేసరికి 20,000 మందికి పైగా పిల్లలు చేరారు. స్థానిక దళాలే వాళ్లను చేర్చుకుని చూసుకోవడంతో, అంతమందిని చేర్చడానికి కార్యాలయానికి అయిన ఖర్చు 200 డాలర్ల లోపే. పిల్లల ఉత్సాహం అంత ఉంది మరి.

సంఖ్య తగ్గించుకోవాలంటే మార్కుల గీత పైకి జరపవచ్చు, వయసు గీత జరపవచ్చు. తల్లిదండ్రుల పుట్టుపూర్వోత్తరాల మీద గీత గీయడం ఆ కాలపు మనసును చెబుతుంది. అదే 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వుతో పశ్చిమ తీరంలోని జపనీయ కుటుంబాలను ఇళ్ల నుంచి లేపి ముళ్లకంచెల శిబిరాలకు తరలించారు. లక్షా పదివేల మందికి పైగా ఉన్న ఆ జనంలో ఎక్కువమంది అమెరికాలో పుట్టిన పౌరులే. అంటే ఆ యుద్ధకాలంలో అమెరికాలో పిల్లలకు రెండు రకాల శిబిరాలున్నాయన్నమాట. ఏ శిబిరానికి వెళ్లాలో అమ్మానాన్నల పుట్టిల్లు నిర్ణయించింది.

మన సంగతి ఏమిటి? అప్పటికి అమెరికాలో భారతీయులు కొద్ది వేలమంది. ఎక్కువమంది కాలిఫోర్నియా పొలాల్లో స్థిరపడిన పంజాబీలు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం చెప్పే తెల్లవారి కోవలోకి రారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. థింద్ మొదటి యుద్ధంలో అమెరికా సైనిక దుస్తులు వేసుకున్నవాడు. అయినా తీర్పు మారలేదు. ఆ పంజాబీ రైతుల్లో చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టారు, పుట్టుకతో పౌరులు. కాని తండ్రి పదేళ్లు కాదు, ఒక్కరోజు కూడా పౌరుడు కాలేడు. యూబా సిటీలో పీచు తోటల మీదుగా విమానం పోతుంటే తలెత్తి చూసే పదహారేళ్ల కుర్రాడికి, ఆ కాగితం మీద గళ్లు నింపడం సాధ్యం కాదు. పదేళ్ల నిబంధన మనవాళ్ల విషయంలో ఎప్పటికీ తీరని నిబంధన.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే క్యాప్‌లో అదే 1942లో విల్లా బ్రౌన్ అనే నల్లజాతి మహిళ అధికారి అయింది. క్యాప్‌లో ఆ హోదా అందుకున్న తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆమె. షికాగోలో కార్నీలియస్ కాఫీతో కలిసి విమానయాన పాఠశాల నడిపి, సైన్యం తలుపులు మూసి ఉంచిన రోజుల్లో నల్లజాతి యువకులకు విమానం నడపడం నేర్పింది. ఒక తలుపు మూసి ఉన్న ఇంట్లోనే ఇంకో కిటికీ తెరిచి ఉండటం ఈ దేశ చరిత్రలో మామూలే.

రెండు సంతకాలు

యుద్ధం ముగిసింది. క్యాప్ ఇక ఉంటుందా, మూతపడుతుందా అన్న ప్రశ్న వచ్చింది. 1946 జూలై 1న అధ్యక్షుడు ట్రూమన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. దానితో క్యాప్ చట్టబద్ధమైన సేవాసంస్థ అయింది. ప్రజలకు, ముఖ్యంగా యువతకు విమానయాన విద్య నేర్పడం దాని ఆశయాల్లో చేరింది.

మరునాడు, జూలై 2న, అదే ట్రూమన్ మరో చట్టం మీద సంతకం చేశాడు. దాని పేరు లూస్-సెల్లర్ చట్టం. దానితో భారతీయులు, ఫిలిప్పీన్స్ దేశీయులు అమెరికా పౌరసత్వం తీసుకోవడానికి అర్హులయ్యారు. భారతదేశం నుంచి ఏడాదికి వందమంది వలస రావడానికి అనుమతి వచ్చింది.

ఒకదాని పక్కన ఒకటి, ఒక్క రోజు తేడాతో. ఈ రెండు చట్టాలకూ ఒకదానితో ఒకటి సంబంధం ఏమీ లేదు. కాంగ్రెస్ సమావేశాల్లో వరసగా వచ్చిన కాగితాలు అవి. కాని మనవైపు నుంచి చూస్తే, పిల్లవాడికి శిబిరం ఒక కాగితంలో స్థిరపడింది, తండ్రికి పౌరసత్వం ఇంకో కాగితంలో దక్కింది. ఈ రెండూ కలిసి ఒకే ఇంట్లోకి రావడానికి ఇంకా రెండు దశాబ్దాలు పట్టింది. రెండో చట్టం పేరులో ఉన్న ఇమాన్యుయల్ సెల్లరే 1965 వలస చట్టాన్నీ నడిపించాడు. ఆ చట్టంతోనే తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఇక్కడికి రావడం మొదలైంది.

కేడెట్లకు పెట్టిన పాత షరతు కూడా కాలక్రమంలో పోయింది. ఇప్పుడు 12 ఏళ్లు నిండిన పిల్లలు 19వ ఏడు రాకముందు చేరవచ్చు, 21 ఏళ్లు వచ్చేదాకా కొనసాగవచ్చు. పౌరులే కానక్కరలేదు. ఈ దేశంలో చట్టబద్ధంగా నివాసమున్న కుటుంబాల పిల్లలు కూడా చేరవచ్చు. అమ్మానాన్నల పౌరసత్వం ఎన్నేళ్లదని ఎవరూ అడగరు.

పేరులో ఒక అక్షరం

1948 మేలో మరో చట్టం క్యాప్‌ను అప్పుడే కొత్తగా ఏర్పడిన అమెరికా వైమానిక దళానికి శాశ్వత సహాయక సంస్థగా చేసింది. వైమానిక దళానికి తొలి అధిపతిగా ఉండి పదవీ విరమణ చేసిన జనరల్ కార్ల్ స్పాట్జ్ క్యాప్ జాతీయ బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. కేడెట్లు అందుకోగల అత్యున్నత పురస్కారం ఈనాటికీ ఆయన పేరు మీదే ఉంది.

ఈ స్పాట్జ్ కథ మన పాఠకులకు నచ్చుతుంది. ఆయనది పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ కుటుంబం. ఇంటిపేరు రాతలో ఒకలా, పలుకులో మరోలా ఉండేది. జనం దాన్ని ఎప్పుడూ తప్పుగానే పలికేవారు. భార్యాబిడ్డలు విసిగిపోయి పోరు పెడితే, 1937లో ఆయన తన ఇంటిపేరులో ఒక అక్షరం అదనంగా చేర్చుకున్నాడు, కనీసం అచ్చు దీర్ఘంగా పలుకుతారని. అమెరికన్ వైమానిక దళాన్ని నడిపించిన మనిషికి కూడా తన పేరు సరిగా పలికించుకోవడం ఒక పనే అయిందన్నమాట. బడిలో మొదటిరోజు హాజరు పట్టీ దగ్గర ఆగిపోయే టీచర్లను ఎరిగిన మన పిల్లలకు ఇది చెప్పాల్సిన కథ.

1964లో కేడెట్ కార్యక్రమాన్ని మెట్లు మెట్లుగా తిరిగి తీర్చిదిద్దారు. అందులో ఒక ముఖ్యమైన మజిలీ బిల్లీ మిచెల్ పురస్కారం. విమానాల శక్తిని అధికారులు గుర్తించడం లేదని బహిరంగంగా విమర్శించినందుకు 1925లో సైనిక న్యాయస్థానం ఎదుట నిలబడి శిక్ష పడినవాడు మిచెల్. అలాంటివాడి పేరును క్రమశిక్షణ నేర్పే సంస్థ తన పిల్లల ముందు పెట్టడం గమనించదగ్గది. ఆ మజిలీ దాటితే కేడెట్ అధికారి హోదా వస్తుంది. దాటాలంటే చదువు, వ్యాయామం, నాయకత్వ పరీక్షలతో పాటు ఒక వేసవి శిబిరం పూర్తిచేసి ఉండాలి. ఆ తర్వాతి మెట్లకు అమీలియా ఇయర్‌హార్ట్, జనరల్ ఈకర్ పేర్లున్నాయి. చిట్టచివరి స్పాట్జ్ పురస్కారం 1964 నుంచి ఇప్పటిదాకా రెండువేల పైచిలుకు మందికి మాత్రమే దక్కింది. వారిలో ఒకరు ఎరిక్ బో. తర్వాత ఆయన స్పేస్ షటిల్ పైలట్‌గా 2008లోనూ, 2011లోనూ అంతరిక్షంలోకి వెళ్లాడు. థండర్‌బర్డ్స్ విన్యాస దళంలో తొలి మహిళా పైలట్ నికోల్ మలకౌస్కీ కూడా ఒకప్పటి క్యాప్ కేడెట్టే.

శిబిరంలో ఏం జరుగుతుంది

యుద్ధకాలంలో సైనిక విమాన స్థావరాల్లో మొదలైన ఈ వేసవి శిబిరాలు ఇప్పుడు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ జరుగుతాయి. పిల్లలను పది పదిహేనుమంది చొప్పున జట్లుగా విడదీస్తారు. జట్టును ఫ్లైట్ అంటారు. ఇక్కడే పెద్దవాళ్లు గమనించాల్సిన విషయం ఉంది. ఆ జట్టును నడిపేది పెద్దవాళ్లు కాదు. ఫ్లైట్ కమాండరు, ఫ్లైట్ సార్జెంటు కూడా కేడెట్లే. పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. శిబిరం మొత్తానికి కేడెట్ కమాండరుగా ఉండేది కూడా కాలేజీ మొదట్లో ఉన్న ఒక కుర్రాడో, అమ్మాయో. పెద్దవాళ్లు పక్కన ఉండి కనిపెట్టుకుని ఉంటారు. ఒక పెద్దమనిషి ఒంటరిగా ఒక పిల్లవాడితో ఉండకూడదన్న నియమం ఉంది. ర్యాగింగ్ లాంటిది నిషిద్ధం.

తెల్లవారకముందే లేవాలి. వ్యాయామం, స్నానం, మంచం సర్దడం. దుప్పటి మూలలు మడత పెట్టడానికి ఒక పద్ధతి ఉంటుంది. హ్యాంగర్ల మధ్య ఎడం సమానంగా ఉండాలి. చొక్కా మడత ఇన్ని అంగుళాలే ఉండాలి. ఇంట్లో తడి తువ్వాలు మంచం మీద పారేసే పిల్లవాడు అక్కడ తన మడత అయ్యాక పక్కవాడి మడత సరిచేస్తూ కనిపిస్తాడు. ఎందుకంటే తనిఖీలో మార్కులు ఒక్కొక్కరికి కాదు, జట్టంతటికీ. ఒకడి బూటు తాడు వేలాడితే అందరికీ పోతుంది.

మొదటి రెండు రోజులు గందరగోళంగా ఉంటుంది. ఎడమ అంటే కుడి తిరిగేవాళ్లు, ఇల్లు గుర్తొచ్చి రాత్రిపూట దుప్పట్లో ఏడ్చేవాళ్లు ఉంటారు. మూడోరోజుకి అడుగులు కలుస్తాయి. పాట కట్టి అడుగు వేయడం వస్తుంది. మధ్యలో తరగతులు. విమానం రెక్క మీద గాలి ఎలా పనిచేస్తుందో, తప్పిపోయిన విమానాన్ని ఎలా వెతకాలో, నిజాయితీ అంటే ఏమిటో. వీలున్నచోట విమానం ఎక్కిస్తారు. చాలావరకు అది సెస్నా రకం చిన్న విమానం. క్యాప్‌కు అలాంటివి 500కు పైగా ఉన్నాయి. పైకెళ్లాక పక్కన కూర్చున్న పైలట్ కాసేపు విమానాన్ని పిల్లవాడి చేతికి ఇస్తాడు. 18 ఏళ్ల లోపు కేడెట్లకు ఇలాంటి పరిచయ ప్రయాణాలు మోటారు విమానంలో ఐదు, గ్లైడర్‌లో ఐదు ఉచితం. కారు నడపడానికి ఇంకా వయసు రాని పిల్లవాడు ఆకాశంలో స్టీరింగు పట్టుకుంటాడు.

ఆ విమానాలు పిల్లల సరదాకే కాదు. తప్పిపోయిన విమానాల కోసం వెతికేది, వరదలప్పుడు ఫోటోలు తీసేది కూడా అవే. 2001 సెప్టెంబరు 12న అమెరికా ఆకాశమంతా ఖాళీగా ఉన్నప్పుడు, కూలిన న్యూయార్క్ టవర్ల మీదుగా ఎగిరి ఫోటోలు తీసింది క్యాప్ సెస్నాయే.

సావధాన్, విశ్రామ్

ఇక మనవాళ్ల ప్రశ్న. ఇది సైన్యమా?

కాదు. కేడెట్‌గా చేరినందువల్ల సైన్యంలో చేరాల్సిన బాధ్యత ఏదీ రాదు. క్యాప్‌ది పోరాటం లేని సేవా సంస్థగానే చట్టం రాసింది. చాలామంది కేడెట్లు తర్వాత డాక్టర్లు, టీచర్లు, ఇంజనీర్లు అవుతారు. అయితే దుస్తులు వైమానిక దళానివే, వందనం అదే, పదవుల పేర్లూ అవే. సైన్యంలోకి వెళ్లాలనుకునే పిల్లలకు దారి సుగమం చేస్తుందన్నదీ నిజమే. ఈ రెండూ దాచకుండా చెప్పుకోవాలి. జర్మనీలో పిల్లల గ్లైడర్లు ఎక్కడికి దారితీశాయో చూశాం కనుక ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు. కాని చొక్కా ఖాకీయా, నీలమా అన్నదానిలో జవాబు లేదు. ఆ చొక్కా వేసుకున్న పిల్లవాడికి ఎవరిని ద్వేషించమని నేర్పుతున్నారు, ఎవరిని బయట నిలబెడుతున్నారు అన్నదానిలో ఉంది. 1942లో ఆ చివరి షరతు రాసినప్పుడు క్యాప్ ఈ పరీక్షలో తప్పింది. తర్వాత దిద్దుకుంది.

పైగా మనకిది కొత్తేమీ కాదు. మన దేశంలో 1948లో ఎన్.సి.సి. ఏర్పడింది, 1950లో దాని వైమానిక విభాగం మొదలైంది. చైనా యుద్ధం తర్వాత 1963లో కాలేజీ విద్యార్థులకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో ఐచ్ఛికం చేశారు. లెక్కవేసి చూడండి. 1965 చట్టం పుణ్యమా అని అమెరికా విమానం ఎక్కిన తొలి తెలుగు తరంలో ఎంతోమంది కాలేజీలో చదివింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. గుంటూరులోనో, వరంగల్లులోనో, కాకినాడలోనో తెల్లవారుజామున గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖాకీ బట్టలు తొడుక్కుని, బెల్టు బిళ్లకు బ్రాసో పట్టించి, హిందీ సరిగా రాకపోయినా ‘సావధాన్’, ‘విశ్రామ్’ అన్న కేకలకు కాళ్లు కదిపినవారే. పరేడ్ అయ్యాక పెట్టే టిఫిన్ కోసం ఎదురుచూసినవారే. ఇప్పుడు మనవడు యూనిఫాం వేసుకుంటానంటే కంగారు పడే తాతయ్య పాత పెట్టెలో ఆ కేడెట్ ఫోటో ఒకటి ఉండే ఉంటుంది.

ఆ తరం పిల్లల్లో, తర్వాతి తరం పిల్లల్లో ఆకాశం వైపు వెళ్లినవాళ్లు ఉన్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన తండ్రికి మిల్వాకీలో పుట్టిన రాజా చారి 1999లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో పట్టా పుచ్చుకుని, 2021 నవంబరులో అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన స్పేస్‌ఎక్స్ క్రూ-3కి కమాండరయ్యాడు. గుంటూరులో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష అదే ఏడాది జూలైలో వర్జిన్ గెలాక్టిక్ నౌకలో ఎగిరింది. వీళ్లు క్యాప్ కేడెట్లని చెప్పడం లేదు. అమ్మానాన్నల పుట్టిల్లు చూసి గేటు మూయని కాలంలో పెరిగారని మాత్రమే చెబుతున్నాను.

శిబిరం చివరి రోజున తల్లిదండ్రులను మళ్లీ పిలుస్తారు. జట్లన్నీ జెండాలు పట్టుకుని వరసగా ముందుకు నడుస్తాయి. వారం కిందట ఎడమ కుడి తెలియని పిల్లలు ఒక్క మనిషిలా కదులుతుంటే, మనవాడు ఏ వరసలో ఉన్నాడో పోల్చుకోవడానికి కాస్త సమయం పడుతుంది. ఎండకు నల్లబడి, రెండు పౌండ్లు తగ్గి ఉంటాడు. అప్పుడు చొక్కా మీద కుట్టిన ఇంటిపేరే ఆనవాలు. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఇక్కడికి వచ్చాక అది వెనక్కి పోయింది. ఆ చొక్కా మీద మాత్రం ఉన్నది అదొక్కటే.

పదిహేనేళ్ల సార్జెంటు ఆ పొడుగాటి పేరును వారం రోజులు అరిచి అరిచి, చివరికి సరిగా పలకడం నేర్చుకునే ఉంటాడు. అక్షరం ఏదీ అదనంగా చేర్చాల్సిన పని లేకుండానే.